దేవగన్నేరు మోడైందా?

ప్రశ్న: డాబా మీద కుండీలోని దేవగన్నేరు డిసెంబరులో ఆకులన్నీ రాల్చేసింది. రోజూ నీళ్లు పోస్తూనే ఉన్నాం. చచ్చిపోయిందా? – ఓ పాఠకురాలు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: చలికాలంలో ఆకు రాల్చడం దాని నైజమండీ. ముందు ఆ రోజువారీ నీళ్లు ఆపండి. ఆకుల్లేని మొక్క పెద్దగా నీళ్లు తాగదు. తడి కుండీలోనే నిలిచి వేళ్లు కుళ్లుతాయి. కొమ్మను గోటితో గీరండి. లోపల పచ్చగా ఉండి పాలు కారితే భయం లేదు. నొక్కితే మెత్తగా దిగబడుతుంటే మాత్రం కుళ్లు మొదలైనట్టే, గట్టి భాగం తగిలేదాకా కోసేయాలి. చిగురు వేసేవరకు 15 రోజులకోసారి చెంబెడు నీళ్లు చాలు.

పూలు కొమ్మల కొసలకే వస్తాయి కాబట్టి అందం కోసం అన్నీ కత్తిరించకండి. కోసిన మంచి కొమ్మ ఉంటే అడుగు పొడవు ముక్కను వారం నీడలో ఆరబెట్టి, సగం ఇసుక కలిపిన ఎర్రమట్టిలో 3 అంగుళాల లోతున నాటండి. పాలు కంట్లో పడనివ్వకండి.