కలర్ గార్డ్ అంటే ఏంటని చుట్టాలు అడిగితే ఏం చెప్పాలి?

ప్రశ్న: మా అమ్మాయి టెక్సస్‌లో తొమ్మిదో తరగతి. హైస్కూల్ మార్చింగ్ బ్యాండ్‌తో పాటు ఉండే కలర్ గార్డ్‌లో చేరింది. వేసవిలో ఊరొస్తే అమ్మమ్మ, తాతయ్య, పెదనాన్న అందరూ అదేంటని అడుగుతున్నారు. "ఫ్లాగ్స్ తిప్పుతాం" అని ఊరుకుంటోంది. "జెండాలూపడానికి ఇంత ఎండలో అన్ని గంటలా?" అని వాళ్ల ప్రశ్న. గార్డ్‌లో ఉన్నవాళ్లు బయటివాళ్లకు దీన్ని ఎలా చెప్తారు?

జవాబు: "ఫ్లాగ్స్ తిప్పుతాం" అన్నది గార్డ్ పిల్లలు చెప్పీ చెప్పీ విసుగొచ్చాక అనే మాట. తప్పేం కాదు గానీ, అది విన్నవాళ్లకు ఆగస్టు పదిహేను ఊరేగింపే కళ్ల ముందుకొస్తుంది. "బ్యాండ్ వాయించేది చెవికి, మేం చేసేది కంటికి" అనడం కొంత నయం. అంతకంటే బాగా పనిచేసేది ఒకటుంది. నిర్వచనం జోలికి పోకుండా ఒక్క టాస్ గురించి, అంటే చేతిలోది గాల్లోకి విసిరి పట్టుకోవడం గురించి చెప్పడం. అంకెలతో సహా.

ముందు పేరు సంగతి తేల్చేయండి, లేకపోతే సంభాషణ అక్కడే ఇరుక్కుంటుంది. కలర్ అనగానే హోలీ, గార్డ్ అనగానే గేటు దగ్గర వాచ్‌మన్. ఇక్కడ కలర్స్ అంటే సైన్యపు పతాకాలు. మన రాష్ట్రపతి సైనిక, పోలీసు దళాలకు ఇచ్చే "ప్రెసిడెంట్స్ కలర్స్"లో ఉన్నదీ ఆ మాటే. పతాకం పక్కన తుపాకీ, కత్తి పట్టుకుని కాపలాగా నడిచేవాళ్లు కలర్ గార్డ్. అమెరికాలో మాజీ సైనికుల సంఘాలు నడిపిన డ్రమ్, బ్యూగుల్ దళాల ద్వారా ఇది ప్రదర్శనల్లోకి వచ్చింది. అందుకే ఈనాటికీ సామాను జెండా, రైఫిల్, సేబర్ అనే కత్తి. పని మాత్రం పూర్తిగా మారిపోయింది. అసలు సైనిక కలర్ గార్డ్ ఇంకా విడిగా ఉంది కాబట్టి చుట్టాలు ఫోన్లో "కలర్ గార్డ్" అని వెతికితే నిటారుగా నిలబడ్డ యూనిఫాం వాళ్లు కూడా వస్తారు. "వింటర్ గార్డ్" అని వెతకమనండి, మీ అమ్మాయి చేసేదానికి దగ్గరివి కనిపిస్తాయి.

ఇక టాస్. పెదనాన్నకు క్రికెట్ తెలిసుంటే జెండా పక్కన పెట్టి రైఫిల్‌తో మొదలుపెట్టండి. గార్డ్ రైఫిల్ అంటే చెక్కతో చేసిన తుపాకీ ఆకారం. గొట్టం ఉండదు, పేలేది ఏదీ ఉండదు. పొడవు సుమారు మూడడుగులు, బరువు మూడు పౌన్లకు అటూఇటూ, అంటే దాదాపు క్రికెట్ బ్యాటే. ఆ బ్యాట్‌ను గాల్లోకి విసిరి, ఆరు చుట్లు తిరిగాక పిడి సరిగ్గా అరచేతిలోకే వచ్చేలా పట్టుకోవాలి. గార్డ్ భాషలో దాన్ని "సిక్స్" అంటారు. పెదనాన్న సిక్స్ వేరు, ఈ సిక్స్ వేరు. ఆ ఒక్క మాటకు నవ్వు, ఆసక్తి రెండూ వస్తాయి.

ఎత్తు లెక్క కూడా చెప్పండి, నమ్మకం కుదురుతుంది. పాట నిమిషానికి 120 బీట్ల వేగంలో ఉంటే ఒక్కో కౌంటు అర సెకను. వస్తువు రెండు కౌంట్లు గాల్లో ఉండాలంటే చెయ్యి వదిలిన చోటి నుంచి సుమారు నాలుగడుగులు లేస్తే చాలు. నాలుగు కౌంట్లు ఉండాలంటే పదహారడుగులు లేవాలి. సమయం రెట్టింపయితే ఎత్తు నాలుగింతలు. ఇరవై మంది విసిరినప్పుడు ఒకరిది పన్నెండడుగులే లేస్తే అది ముందే దిగిపోతుంది, అరచేతికి తగిలిన చప్పుడు విడిగా వినిపిస్తుంది. అందరూ సరిగ్గా పడితే "ఠప్" అని ఒక్కటే చప్పుడు. కంటితో తప్పు పట్టలేని తాతయ్య కూడా చెవితో పట్టేస్తారు.

కొత్తవాళ్ల తప్పులు కూడా దాదాపు ఎప్పుడూ అవే. మణికట్టు ఎక్కువ వాడితే చుట్లు ఎక్కువై ఎత్తు తక్కువవుతుంది. ఎత్తు మోకాళ్ల నుంచీ చేతుల నుంచీ రావాలి, చుట్లు మణికట్టు నుంచి. రెండోది, భయంతో చెయ్యి పైకి చాచి అందుకోవడం. అలా పడితే కౌంటు కంటే ముందే చేతికొస్తుంది, బొటనవేలు బెణుకుతుంది. కళ్ల ఎత్తుకు దిగేదాకా ఆగడం నేర్వడానికే వారాలు పడుతుంది. కింద పడితే పరిగెత్తి తెచ్చుకోకూడదు. వరస చెడకుండా, తర్వాతి కదలికలో కలిపేసి తీసుకోవాలి. పడిపోవడం కంటే, పడ్డాక మొహంలో కనిపించే కంగారే షోని ఎక్కువ పాడుచేస్తుంది.

అమ్మమ్మకు మాత్రం జెండాయే చెప్పండి. బూజుకర్ర లాంటి ఆరడుగుల అల్యూమినియం గొట్టం, దానికి మూడడుగుల వెడల్పు, నాలుగున్నర అడుగుల పొడవున్న పల్చటి గుడ్డ. ఆ గుడ్డను గార్డ్‌లో "సిల్క్" అంటారు, ఎక్కువగా పాలిస్టరే. గుడ్డ వెడల్పు కర్ర పైసగాన్ని కప్పేస్తుంది. అటువైపు బరువు కాబట్టి రెండో కొసలో బోల్టులు వేసి, రబ్బరు మూత బిగించి, పైన టేపు చుడతారు. వేలి మీద నిలబెట్టినప్పుడు మధ్యలో చుట్టిన టేపుకు దగ్గర్లోనే తూగితే సరిగ్గా ఉన్నట్టు. బోల్టు వదులైతే లోపల గలగలమంటుంది, తిప్పుతుంటే బరువు అటూఇటూ జారి లెక్క తప్పిస్తుంది. మొదటి పాఠం డ్రాప్ స్పిన్. సాధారణ వేగంలో ఒకటికి గుడ్డ నేలవైపు, రెండుకు ఆకాశంవైపు. ఆ ఒక్క చుట్టులోనే ఒక చెయ్యి వదలాలి, రెండోది అందుకోవాలి. గాలి వీస్తే గుడ్డ తెరచాపైపోతుంది, వానకు తడిస్తే కర్రకు చుట్టుకుంటుంది.

ఇదంతా నిలబడి చేసేది కాదు. హైస్కూల్ షో ఏడెనిమిది నిమిషాలు, వంద గజాల ఫుట్‌బాల్ మైదానంలో. ఒక్కొక్కరికీ ఏ కౌంటుకు ఎక్కడుండాలో రాసిన చోట్లుంటాయి, వాటిని "డాట్" అంటారు. అయిదు గజాలు ఎనిమిది అంగల్లో దాటాలి, అంటే అంగకు ఇరవై రెండున్నర అంగుళాలు. కాళ్లు డాట్‌కు చేరుతుంటే చేతులు తిప్పుతుండాలి, మొహం ప్రేక్షకుల వైపు ఉండాలి, వెనక ట్రంబోన్ల వరస దూసుకొస్తుంటుంది. "కోలాటంలో ఒకరు దరువు తప్పితే పక్కవాళ్ల వేళ్లకు తగుల్తుంది చూశారా, అలాంటిదే మైదానమంత వలయంలో" అంటే అమ్మమ్మకు ఇట్టే అర్థమవుతుంది. కర్రసాము పోలిక తాతయ్యకు నచ్చుతుంది గానీ సగమే సరిపోతుంది. అక్కడ ఎదుటివాడి మీద గెలవాలి, ఇక్కడ పక్కవాడిలా కనిపించాలి. కజిన్స్‌కు ఒలింపిక్స్‌లో రిథమిక్ జిమ్నాస్టిక్స్ చాలు. చీర్‌లీడింగ్‌తో మాత్రం పోల్చొద్దు. ఆ మాట పడితే గార్డ్ పిల్లలకు ఎక్కడ లేని కోపం వస్తుంది. చీర్ ఆటకు వచ్చిన జనాన్ని ఉత్సాహపరచడానికి, గార్డ్ సొంత కథతో నడిచే ప్రదర్శన.

"ఇది ఆటా, డాన్సా?" అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది. మార్కుల పట్టీ చూపిస్తే వాదన అక్కర్లేదు. ఫుట్‌బాల్ సీజన్ అయ్యాక బ్యాండ్ లేకుండా, రికార్డు చేసిన పాటకు, జిమ్‌లో పెద్ద టార్పాలిన్ పరిచి చేసేది వింటర్ గార్డ్. దాని పోటీలు నడిపే డబ్ల్యూజీఐ 1977లో మొదలైంది, ప్రపంచ పోటీలు ఏప్రిల్‌లో ఒహాయో రాష్ట్రం డేటన్‌లో జరుగుతాయి. నూటికి సామాను పనితనం 20, శరీర కదలిక 20, రూపకల్పన 20, మొత్తంగా కలిగే అనుభూతి 40. సమయం మించితే కోత. సగం ఆట, సగం నాట్యం అనేది మొహమాటపు జవాబు. ఒకేసారి రెండూ అనడమే నిజం.

గంటల సంగతికొస్తే, టెక్సస్‌లో స్కూల్ నడిచే రోజుల్లో బడి వేళల బయట ప్రాక్టీసు వారానికి 8 గంటలు దాటకూడదని అక్కడి స్కూళ్ల పోటీలు నడిపే యూఐఎల్ అనే సంస్థ నిబంధన ఉంది. ఎండలో పొద్దంతా చేసేది ఎక్కువగా జులై, ఆగస్టుల్లో బ్యాండ్ క్యాంపులోనే. ముంజేతుల మీద నీలం మచ్చలు చూసి అమ్మమ్మ కంగారు పడొచ్చు. రైఫిల్ నేర్చుకునే తొలి నెలల్లో అవి మామూలే. మణికట్టు నొప్పి వారం దాటినా తగ్గకపోతే మాత్రం కోచ్‌కీ డాక్టరుకీ చెప్పాలి.

ప్రయాణంలో రైఫిల్ తెచ్చేట్టయితే చేతి బ్యాగులో కుదరదు, తుపాకీ నమూనాలు చెక్-ఇన్ సామానులోనే వెళ్లాలి. విమానసంస్థను ముందే అడగండి. దూరం నుంచి చూసేవాళ్లకు అది తుపాకీలానే కనిపిస్తుంది కాబట్టి బయట సంచిలోనే ఉంచాలి. తేకపోతేనే సుఖం. ఊళ్లో ప్లంబింగ్ సామాన్ల కొట్లో మందంగా ఉండే అంగుళం పీవీసీ పైపు ఆరడుగులు కోయించండి. కొసలకు మూతలు, మధ్యలో ఇన్సులేషన్ టేపు, పై సగానికి పాత చున్నీ కుట్టేస్తే చాలు. అమ్మాయిని ఎనిమిది కౌంట్లు చేయమని, పెదనాన్నను లెక్కపెట్టమనండి. తర్వాత పైపు ఆయన చేతికిచ్చి డ్రాప్ స్పిన్ ఒక్కటి నేర్పమనండి, రెండో చుట్టుకే గుడ్డ తల మీద పడుతుంది. ఇదంతా ఇంట్లో మాత్రం కాదు, పైన ఫ్యానుంటుంది. డాబా మీద, కరెంటు తీగలు లేని వైపు.