మనోవర్తి అడిగితే కాపురం తెగిపోదమ్మా

ప్రశ్న: పెళ్లై 11 ఏళ్లు. పాపకు 9, బాబుకు 5. మావారిది మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. గొడవలు పడలేక 7 నెలల క్రితం మియాపూర్ ఫ్లాట్ నుంచి పిల్లలతో సైదాబాద్‌లోని మా అమ్మ ఇంటికి వచ్చేశాను. ఆయన ఒక నెల డబ్బు వేస్తే రెండు నెలలు వేయరు. ‘ఇంటికొస్తేనే ఖర్చులు చూస్తా’ అంటారు. ప్రైవేటు స్కూల్లో నాకొచ్చే 14 వేలు చాలడం లేదు. విడాకులు నాకు వద్దు. కోర్టుకెళ్తే ఇక కలిసే దారే ఉండదని భయం. పెద్దమనుషులేమో 5 లక్షలు ఇప్పిస్తాం, కాగితం రాసుకోండి అంటున్నారు. ఏం చేయను?

జవాబు: అమ్మా, ముందు ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. పెద్దమనుషులు మంచి మనసుతోనే చెబుతుండవచ్చు. కానీ ఇలాంటి ఒప్పందాల్లో ‘ఇద్దరం ఇష్టపడే విడిగా ఉంటున్నాం, ఇకపై ఏమీ అడగను’ అన్న మాట తరచూ చేరుతుంది. పరస్పర అంగీకారంతో విడిగా ఉంటున్న భార్యకు మనోవర్తి రాదని చట్టంలోనే ఉంది. రేపు అవతలి లాయరు ముందు తీసేది ఆ కాగితమే. పిల్లల హక్కు మీరు రాసిచ్చినంత మాత్రాన పోదు. మీ హక్కు మాత్రం చిక్కుల్లో పడుతుంది. అయినా ఇద్దరు పిల్లలు పెద్దయ్యేదాకా ఆ 5 లక్షలు ఏ మూలకొస్తాయి?

ఇక మీ భయం సంగతి. మనోవర్తి కేసు వేరు, విడాకుల కేసు వేరు. భార్యగా ఉంటూనే మీకూ పిల్లలకూ నెలనెలా ఖర్చులు అడగవచ్చు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో ఇది 144వ సెక్షన్. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 125వ సెక్షన్ ఇదే. మీరు ఉంటున్న చోటే వేసుకోవచ్చు, అంటే మీకు పురానీ హవేలీలోని ఫ్యామిలీ కోర్టు. వీలున్నంతవరకు ఇద్దరినీ రాజీ చేసే ప్రయత్నం చేయాలని ఫ్యామిలీ కోర్టుల చట్టమే చెబుతోంది. ఇంట్లో ఎవరూ సరిగ్గా చేయని ఆ ప్రయత్నం అక్కడ జరగవచ్చు కూడా.

‘ఇంటికొస్తేనే’ అన్న ఆయన మాటను తేలిగ్గా తీసుకోకండి. సరైన కారణం లేకుండా భర్త దగ్గర ఉండనన్న భార్యకు మనోవర్తి నిరాకరించవచ్చు. మీరెందుకు వచ్చేశారో ఉత్తరంలో రాయలేదు. అడగను కూడా, కానీ లాయరు దగ్గర దాచకండి. ఏ రోజు ఏం జరిగిందో, ఎవరు చూశారో రాసి పెట్టుకోండి. కొట్టకపోయినా, ఇంటి ఖర్చులకు డబ్బు ఆపేయడం గృహహింస చట్టం కింద ఆర్థిక హింసే. పిల్లల ఖర్చుకైతే మీరు ఎక్కడున్నారన్నదానితో సంబంధమే లేదు.

ఆలస్యం చేసిన కొద్దీ నష్టం మీకే. మనోవర్తిని దరఖాస్తు వేసిన తేదీ నుంచి లెక్కగట్టాలని 2020 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. భార్యాభర్తలిద్దరూ ఆదాయం, ఆస్తులు, అప్పులు అఫిడవిట్‌లో చూపాలనీ అదే తీర్పులో ఉంది. మధ్యంతర మనోవర్తి (కేసు తేలేదాకా ఇచ్చేది) దరఖాస్తును నోటీసు అందిన 60 రోజుల్లో తేల్చాలన్నది నియమం. ఆచరణలో ఇంకా సాగుతుంది, మనసు సిద్ధం చేసుకోండి. జీతంలో నాలుగో వంతు వస్తుందని చాలామంది చెబుతారు. అది కొన్ని కేసుల్లో వాడిన కొలమానమే తప్ప ఖాయం కాదు. మీకు 14 వేలు వస్తున్నంత మాత్రాన మీ హక్కు పోదు. ఆయన పే స్లిప్పులు, ఫారం 16 (జీతం, పన్ను వివరాలతో కంపెనీ ఇచ్చే పత్రం) కాపీలు ఏవైనా ఉంటే తీసి ఉంచండి. ఫీజు రసీదులు, మందుల బిల్లులు, ఆయన డబ్బు వేసిన నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ జతచేయండి.

లాయరు ఫీజుకు భయపడకండి. ఆదాయంతో పనిలేకుండా మహిళలందరికీ ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కు ఫోన్ చేసి అడగండి.

పిల్లల విషయంలో ఒక్కటి గట్టిగా చెప్పాలి. డబ్బు వేయలేదని తండ్రిని కలవనివ్వకుండా చేయకండి. వాళ్లకు నాన్న కావాలి. ‘మీ నాన్న ఫీజు కట్టలేదు’ అన్న మాట పాప చెవిన పడనివ్వకండి. ఈ వయసులో అది తన తప్పేననుకుంటుంది.

కేసు వేసేముందు ఆయనకు ఒక్క మెసేజ్ పెట్టండి. కోపతాపాలు లేకుండా, ఫలానా ఫీజు ఇంత, ఫలానా తేదీలోగా కావాలి అని. ఇస్తే మంచిదే. ఇవ్వకపోతే ఆ స్క్రీన్‌షాట్ లాయరుకు ఇవ్వండి. ఆర్డరు వచ్చాక ఏ నెల డబ్బు ఆగినా ఏడాది దాటకముందే వసూలుకు దరఖాస్తు వేయాలి. దాటితే 144వ సెక్షన్ కింద వసూలు వారెంటు రాదు.