కంపైలర్ కొత్త వెర్షన్‌తో ప్రాజెక్టు ఆగింది.. హాస్కెల్ మానిపించాలా?

ప్రశ్న: మా బిడ్డ హనుమకొండలో బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం చదువుతోంది. సిలబస్‌లో లేని హాస్కెల్ లాంగ్వేజ్ సొంతంగా నేర్చుకుని, అందులోనే మినీ ప్రాజెక్టు చేసింది. ఈమధ్య దాని కంపైలర్ కొత్త వెర్షన్ వేసుకున్నప్పటి నుంచి ప్రాజెక్టు నడవడం లేదు. రాత్రిళ్లు దాంతోనే కుస్తీ పడుతోంది. ఊరికూరికే మారిపోయే లాంగ్వేజ్‌తో ఉద్యోగం వస్తుందా? ఇది మానిపించి అమీర్‌పేటలో జావా ఫుల్‌స్టాక్ కోర్సులో చేర్పిద్దామనుకుంటున్నాను.
- ఒక తండ్రి, పరకాల

జవాబు: మానిపించకండి. కానీ ప్లేస్‌మెంట్ల తయారీ మాత్రం ఇప్పుడే మొదలుపెట్టించండి. ముందు ఆగిపోయిన ప్రాజెక్టు సంగతి చూద్దాం. ఉద్యోగం గురించి మీరడిగిన దానికి సగం సమాధానం అక్కడే దొరుకుతుంది. ఈ భాగం మీ అమ్మాయితో చదివించండి.

రాసిన కోడ్‌ను కంప్యూటర్ నడపగలిగే ప్రోగ్రామ్‌గా మార్చేది కంపైలర్. హాస్కెల్‌కు దాదాపు అందరూ వాడే కంపైలర్ జీహెచ్‌సీ. ఏడాదికి ఇంచుమించు రెండు పెద్ద వెర్షన్లు వస్తాయి. 9.6 వెర్షన్ 2023 మార్చిలో, 9.8 అదే ఏడాది అక్టోబరులో, 9.10 వెర్షన్ 2024 మేలో, 9.12 ఆ డిసెంబరులో వచ్చాయి. వీటిలో ప్రతిదానికీ బేస్ అనే మూల లైబ్రరీ జతగా ఉంటుంది: 9.6కు 4.18, 9.8కు 4.19, 9.10కు 4.20, 9.12కు 4.21. కంపైలర్‌ను అలాగే ఉంచి బేస్‌ను మాత్రమే మార్చడం వీటిలో కుదరదు. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. మీ అమ్మాయి వాడిన ఏదో ఒక ప్యాకేజీలో (ఇతరులు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్) 'బేస్ < 4.20', అంటే బేస్ 4.20 కన్నా పాతదై ఉండాలని పై హద్దు రాసి ఉంటే, 9.10 వేసుకున్న మరుక్షణం, ప్రాజెక్టును బిల్డ్ చేసే కేబల్ టూల్ 'కుడ్ నాట్ రిజాల్వ్ డిపెండెన్సీస్' (ప్యాకేజీల వెర్షన్లు పొసగడం లేదు) అని ఆగిపోతుంది. మీరు ఎర్రర్ ఏమిటో రాయలేదు కానీ, వెర్షన్ మార్చినవాళ్లకు ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. ఆమె కోడ్‌లో తప్పుందని దీనర్థం కాదు. ఆ ప్యాకేజీ రాసినవారు కొత్త బేస్‌తో ఇంకా పరీక్షించలేదు, అంతే.

మొదట చేయాల్సింది పాత కంపైలర్‌ను వెనక్కి తెచ్చుకోవడం. జీహెచ్‌సీఅప్ టూల్‌తో రెండు మూడు వెర్షన్లు పక్కపక్కనే ఉంచుకోవచ్చు. ఒక్కోటి రెండు మూడు జీబీ తింటుంది కాబట్టి డిస్క్‌లో ఖాళీ చూసుకోవాలి. ఆ టూల్ చూపే జాబితాలో 'లేటెస్ట్', 'రికమెండెడ్' అనే గుర్తులు వేర్వేరుగా కనిపిస్తాయి. రోజువారీ పనికి రికమెండెడ్ తీసుకోవాలి. వీఎస్ కోడ్‌లో తప్పులు చూపే హాస్కెల్ లాంగ్వేజ్ సర్వర్ కూడా సరికొత్త కంపైలర్‌కు వెంటనే సిద్ధంగా ఉండదు. పాత వెర్షన్ వేశాక, ప్రాజెక్టు ఫైల్‌లో 'విత్-కంపైలర్' లైన్ రాసి దాన్నే ఖాయం చేయాలి. బిల్డ్ అయ్యాక, వాడిన ప్యాకేజీల వెర్షన్లన్నీ నమోదు చేసే కేబల్ ఫ్రీజ్ కమాండ్ ఇచ్చి, వచ్చిన ఫైల్‌ను గిట్‌లో (కోడ్ మార్పులను భద్రపరిచే టూల్) కమిట్ చేయాలి. దీంతో కాలేజీలో చూపించాల్సిన ప్రాజెక్టు క్షేమం.

కొత్త వెర్షన్ ప్రయత్నాన్ని గిట్‌లోనే వేరే బ్రాంచ్‌లో (విడి ప్రతిలో) పెట్టుకోవాలి. అక్కడ 'విత్-కంపైలర్' లైన్‌లో కొత్త వెర్షన్ రాయడం, ఫ్రీజ్ ఫైల్ తీసేయడం మరిచిపోవద్దు. పాత బేస్ నంబరు అందులో నమోదై ఉంటుంది కాబట్టి, అది ఉన్నంతసేపూ కొత్త కంపైలర్‌తో బిల్డ్ కానే కాదు. చాలామంది గంటలు పోగొట్టుకునేది ఇక్కడే. తర్వాత, అడ్డుపడుతున్న ఆ ఒక్క ప్యాకేజీకి, అదీ బేస్ హద్దుకు మాత్రమే 'అలౌ-న్యూయర్' (పై హద్దును పట్టించుకోవద్దనే సెట్టింగ్) ఇవ్వాలి. అన్నిటికీ కలిపి ఇస్తే అసలు తప్పు ఎక్కడుందో కనిపించకుండా పోతుంది. బిల్డ్ అయి, ఆ ప్యాకేజీ టెస్టులు కూడా పాసయితే సమస్య హద్దు అంకెదే. అప్పుడు ఆ ప్యాకేజీ రిపాజిటరీలో హద్దు పెంచుతూ పుల్ రిక్వెస్ట్ (ఈ మార్పును చేర్చుకోండి అనే వినతి) పెట్టాలి. ఏ వెర్షన్‌తో పరీక్షించిందీ, టెస్టుల ఫలితమేమిటో రెండు లైన్లలో రాయాలి. హాస్కెల్ ప్యాకేజీల భాండాగారమైన హ్యాకేజ్‌లో కొత్త వెర్షన్ విడుదల చేయకుండానే హద్దులు సవరించే వీలుంది కాబట్టి ఇలాంటివి తొందరగానే ఒప్పుకుంటారు.

కంపైల్ దశలోనే ఎర్రర్ వస్తే అది నిజమైన మార్పు. ఉదాహరణకు జాబితాలోని విలువలను వరుసగా కలిపే ఫోల్డ్ఎల్-ప్రైమ్ (foldl') ఫంక్షన్, 9.10 నుంచి ప్రెల్యూడ్‌లోకే (ప్రతి ప్రోగ్రామ్‌కూ దానంతటదే అందే మాడ్యూల్) వచ్చింది. ఎవరైనా అదే పేరుతో సొంత ఫంక్షన్ రాసుకుని వాడుతుంటే 'యాంబిగ్యువస్ అకరెన్స్' (ఈ పేరు రెండు చోట్ల ఉంది, ఏది కావాలో తెలియడం లేదు) అంటుంది. ప్రెల్యూడ్ ఇంపోర్ట్‌లో ఆ పేరును హైడ్ చేస్తే సరిపోతుంది, పాత కంపైలర్ కూడా మహా అయితే వార్నింగ్ ఇస్తుంది. ఆ ఫంక్షన్‌ను అక్కడికి ఎందుకు తెచ్చారో మీ అమ్మాయి తెలుసుకుంటే ఇంకా మంచిది. మామూలు ఫోల్డ్ఎల్ పది లక్షల అంకెలు కూడేటప్పుడు ఒక్క కూడికా చేయకుండా అన్నిటినీ వాయిదా వేసుకుంటూ పోవచ్చు, మెమరీ నిండిపోతుంది. ప్రైమ్ ఉన్నది ఒక్కో అడుగులో లెక్క పూర్తి చేసి ముందుకెళ్తుంది. ఆప్టిమైజేషన్ పెడితే మామూలుదాన్ని కూడా కంపైలర్ చాలాసార్లు సరిచేస్తుంది కానీ, కోడ్‌ను అప్పటికప్పుడు నడిపి చూసే జీహెచ్‌సీఐలో ఆ సాయం ఉండదు. ఇంటర్వ్యూలో ఇంత వివరంగా చెప్పగలిగే విద్యార్థిని ప్యానెల్ తేలిగ్గా తీసుకోదు.

లాప్‌టాప్‌లో నాలుగు జీబీ ర్యామే ఉండి బిల్డ్ మధ్యలో చచ్చిపోతుంటే 'జే1' ఆప్షన్‌తో ఒక్కో ప్యాకేజీనే కట్టించాలి. ఆలస్యమవుతుంది, కానీ పూర్తవుతుంది.

ఇక ఉద్యోగం. ఫ్రెషర్‌కు నేరుగా హాస్కెల్ ఉద్యోగాలు చాలా తక్కువ. బెంగళూరులోని జస్‌పే లాంటి కొన్ని సంస్థలు వాడుతున్నాయి. కంపైలర్ పని మీద ఇష్టం ఉంటే దారి ఇంకా పెద్దది. ఏఎండీ, క్వాల్‌కామ్, ఎన్విడియాలకు హైదరాబాద్‌లో కార్యాలయాలున్నాయి. చిప్ కంపెనీల్లో కంపైలర్ పనికి అడిగేది సీ++, ఎల్ఎల్‌వీఎం (కంపైలర్లు తయారుచేసే టూల్స్ సముదాయం). కాబట్టి హాస్కెల్‌తో పాటు సీ++ గట్టిగా రావాలి. ఎంటెక్ వైపు వెళ్తే గేట్ సీఎస్ పేపర్‌లో కంపైలర్ డిజైన్ ఎలాగూ ఉంది. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో కంపైలర్లపై పరిశోధన జరుగుతోంది. హాస్కెల్ తరహాదే అయిన ఓకామల్ లాంగ్వేజ్ 2022 డిసెంబరులో విడుదలైన 5.0 వెర్షన్‌లో, ఒకేసారి పలు ప్రాసెసర్ కోర్‌లపై పనిచేయగలగడం వెనుక ఐఐటీ మద్రాస్ ప్రొఫెసర్ కేసీ శివరామకృష్ణన్ కృషి ఉంది. ఇలాంటి పని మన దగ్గర కూర్చుని చేయవచ్చని బిడ్డకు చెప్పండి. హాస్కెల్ పునాది గట్టిపడాలంటే చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ అధ్యాపకుల ఎన్‌పీటీఈఎల్ పాఠాలు ఉచితంగా ఉన్నాయి. దానికోసం ఎక్కడా ఫీజు కట్టనక్కర్లేదు.

రెజ్యూమెలో 'హాస్కెల్ తెలుసు' అని రాస్తే ఎవరూ ఆగి చూడరు. ఏ వెర్షన్ నుంచి ఏ వెర్షన్‌కు ప్రాజెక్టును మార్చింది, ఏ ప్యాకేజీలో ఏం సవరించింది, పుల్ రిక్వెస్ట్ లింక్.. ఈ మూడూ ఉంటే అడిగి మరీ మాట్లాడతారు.

అయితే చాలా కంపెనీల ఆన్‌లైన్ పరీక్షల్లో సీ, సీ++, జావా, పైథాన్ మాత్రమే ఇస్తారు. అందుకే వారంలో ఐదు రోజులు రోజుకు గంటన్నర వీటిలో ఒకదాంతో డేటా స్ట్రక్చర్స్, ఆల్గోరిథమ్స్ సాధన చేయాలి. హాస్కెల్ శని, ఆదివారాలకు. రాత్రి రెండింటి దాకా డిపెండెన్సీలతో పోరాడి మర్నాడు క్లాసులో కునికిపాట్లు పడటం మాత్రం మీరు ఆపించాల్సిందే.

అమీర్‌పేట ఫీజు కట్టేముందు ఒక చిన్న పరీక్ష పెట్టండి. ప్రోగ్రామింగ్ సాధన వెబ్‌సైట్ లీట్‌కోడ్‌లో మీడియం స్థాయి లెక్కలు పది ఎంచుకుని, ఒక్కోదానికి నలభై నిమిషాల చొప్పున జావాలోనో సీ++లోనో చేయమనండి. ఆరు, అంతకన్నా ఎక్కువ చేస్తే కోచింగ్ అవసరం లేదు. మూడు కూడా దాటకపోతే మూడో సంవత్సరం చివరి సెలవుల్లో చేర్పించండి, కానీ ఫుల్‌స్టాక్ కన్నా ముందు డేటా స్ట్రక్చర్స్ బ్యాచ్‌లో.