పప్పు ఉడకట్లేదన్నావటగా

చిరంజీవి చిన్నాకి పెద్దమ్మ ఆశీస్సులు.

బెంగుళూరులో నువ్వు రూములోనే వండుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. ఎంత సంతోషమేసిందో. పప్పు పలుకుగా ఉంటోందనీ, అన్నం ముద్దవుతోందనీ, చారు మాత్రం ఎందుకో చేదెక్కుతోందనీ కూడా చెప్పింది. ఫోన్లో అయితే సగం చెప్పేసరికి నీకు మీటింగు వస్తుంది, అందుకే తీరిగ్గా రాస్తున్నాను. రోజువారీ వంటలో కొలత కాస్త అటూ ఇటూ అయినా సర్దుకోవచ్చు నాన్నా. వరస తప్పితే మాత్రం సర్దుకోలేం. ఏది ముందు పడాలో, ఏది ఆఖర్న పడాలో తెలిస్తే సగం వంట వచ్చినట్టే.

ముందు పప్పు సంగతి. నువ్వు కందిపప్పు, టమాటా, చింతపండు, ఉప్పు అన్నీ ఒకేసారి కుక్కర్లో పడేసి విజిల్స్ లెక్కపెడుతున్నావట. పులుపు తగిలితే గింజ మెత్తబడదు, ఇంకో నాలుగు విజిల్స్ వచ్చినా పలుకు అలాగే ఉంటుంది. పప్పు కడిగి అరగంట నానబెట్టు. గ్లాసు పప్పుకి మూడు గ్లాసుల నీళ్ళు, చిటికెడు పసుపు, ఒక చెంచా నూనె వెయ్యి. నూనె వేస్తే నురుగు పొంగి విజిల్‌లోకి రాదు. పూర్తిగా ఉడికాకే పప్పుగుత్తితో ఎనిపి, అప్పుడు ఉప్పు, చింతపండు పులుసు వేసి అయిదు నిమిషాలు ఉడకనివ్వు. మామిడికాయ పప్పు చేస్తే ముక్కల్ని అదే కుక్కర్లో వేరే గిన్నెలో పెట్టు. గోంగూరయితే విడిగా నూనెలో మగ్గించి కలుపు.

ఇలా చేసినా ఉడకలేదంటే నీళ్ళని అనుమానించు. మీ అపార్ట్‌మెంటులో బోరు నీళ్ళే కదా. ఉప్పు తేలిన నీళ్ళల్లో, అంటే బకెట్‌కి తెల్లగా పట్టే నీళ్ళల్లో, పప్పు మొండికేస్తుంది. తాగే నీళ్ళు పోసి ఒకసారి వండి చూడు, తేడా నీకే తెలుస్తుంది. పప్పు మరీ పాతబడినా ఇంతే. తొందరగా ఉడుకుతుందని వంటసోడా వేసేవాళ్ళున్నారు, నాకు అది బొత్తిగా ఇష్టం లేదు, పప్పు కమ్మదనం అంతా పోతుంది. దొరికితే తాండూరు కందిపప్పు తెచ్చుకో. 2022లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఖరీదు కొంచెం ఎక్కువైనా రుచి తెలుస్తుంది.

ఇక అన్నం. మీ కొట్టువాడిని బియ్యం కొత్తవా పాతవా అని అడిగావా? అన్నం ముద్దయిందంటే చాలావరకు కారణం అదే. కొత్త బియ్యం నీళ్ళు తక్కువ తాగుతాయి. గ్లాసుకి రెండు గ్లాసులు కూడా ఎక్కువే, పావు గ్లాసు తగ్గించు. ఏడాది నిలవున్నవైతే కుక్కర్లో రెండున్నర దాకా పడుతుంది. ఏ బస్తా తెచ్చినా మొదటిరోజు కొంచెమే వండి నీళ్ళ లెక్క తేల్చుకో, బస్తా అయ్యేదాకా అదే లెక్క. మనింట్లో తినేది సాంబ మసూరి. రైతులు బీపీటీ అంటారే, 5204, అదే. 1986లో మన బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన వంగడం. సన్నగింజ కాబట్టి నీళ్ళు కాస్త ఎక్కువైనా చిదికిపోతుంది.

ఆదివారం తీరికున్నప్పుడు గంజి వార్చి వండి చూడు. నీళ్ళు ఎక్కువ పోసి, మరిగాక కడిగిన బియ్యం వెయ్యి. మెతుకుని రెండు వేళ్ళ మధ్య నొక్కితే అంతా మెత్తగా నలిగి, నడిమధ్య ఆవగింజలో సగమంత తెల్లటి పలుకు మిగలాలి. అప్పుడే వార్చేసి, మూత పెట్టి, సన్నసెగ మీద రెండు నిమిషాలు ఉంచు. ఆ పలుకు ఆవిరికి ఉడుకుతుంది. పలుకు పూర్తిగా పోయేదాకా ఆగావా, వార్చేసరికి ముద్దే. కుక్కర్లో వండినా, ప్రెషర్ పోగానే మూత తీసి గరిటె పెట్టకు. పది నిమిషాలు వదిలెయ్యి.

చారు చేదెక్కేది పోపులో మెంతులు మాడి. నూనె కాగాక శనగపప్పు, మినప్పప్పు వేసి, అవి రంగు తిరుగుతున్నప్పుడు ఆవాలు వెయ్యి. ఆవాలు చిటపటలాడాక జీలకర్ర, నాలుగైదు మెంతులు, ఎండుమిర్చి. మెంతులు ఎర్రబడ్డాయనిపించగానే స్టవ్వు కట్టెయ్యి, ఆ నూనె వేడికే ఇంగువ, కరివేపాకు వేగుతాయి. చింతపండు రసం మాత్రం పచ్చివాసన పోయేదాకా బాగా మరగాలి. చారుపొడి వేశాక అలా మరగనివ్వకు. పైన నురుగు కట్టి పొంగుకొస్తుండగా దించెయ్యి, లేకపోతే ఘాటు మిగులుతుంది గానీ వాసన ఉండదు.

బెండకాయ వేపుడు జిగురొస్తోందన్నావుట. కాయలు కడిగి, గుడ్డతో తడి లేకుండా తుడిచి, ఆ తర్వాత తరుగు. వెడల్పు మూకుడులో మూత పెట్టకుండా వేయించు. ఉప్పూ కారం దించే ముందు.

పెరుగు కొనొద్దు, తోడు పెట్టుకో. కాచిన పాలల్లో చిటికెన వేలు పెడితే వెచ్చగా, హాయిగా ఉండాలి, చురుక్కుమనకూడదు. అరలీటరుకి ఒక చెంచా తోడు చాలు, ఎక్కువేస్తే తెల్లారేసరికి పుల్లబడుతుంది. మీ ఊరు చల్లన కదా, గిన్నెకి మందపాటి తువ్వాలు చుట్టి ఉంచు. తోడుకోగానే ఫ్రిజ్‌లో పెట్టెయ్యి.

వచ్చేవారం మీ అమ్మ వస్తోందట, దానితో ఆవకాయ పంపిస్తున్నాను. జాడీలోంచి తీసేటప్పుడు గరిటె పొడిగా ఉందో లేదో చూసుకో. వారానికి సరిపడా చిన్న సీసాలోకి తీసుకుని జాడీకి గుడ్డ కట్టెయ్యి. ముక్కల మీద నూనె తేలి లేదనిపిస్తే నువ్వుల నూనె కాచి, పూర్తిగా చల్లార్చి పొయ్యి. వేడిది మాత్రం పొయ్యకు.

ఇట్లు,
మీ పెద్దమ్మ