జిమ్ ఇంజెక్షన్ మానేశాక వచ్చే బాధకు మందు ఉందా?

జిమ్‌లో మెఫెంటర్మిన్ ఇంజెక్షన్‌కు అలవాటుపడిన మీ మరిది నాలుగు రోజుల కింద మానేశాడని, మంచం దిగడం లేదని, దీనికి మందు ఉందా అని అడిగారు. దీనికంటూ ప్రత్యేకంగా మందు లేదండి. మాది కర్నూలు. రెండేళ్ల కింద మా తమ్ముడి కోసం నేనూ ఇదే ప్రశ్న పట్టుకుని తిరిగాను.

వాడి పరుపు కింద పాత సాక్సులో చుట్టిన చిన్న గాజు సీసా దొరికింది. రబ్బరు మూత నిండా సూది గుచ్చిన చుక్కలు. వెన్నుకు మత్తిచ్చి ఆపరేషన్ చేసేటప్పుడు బీపీ పడిపోతే ఎక్కించే మందు అది. నిద్ర, ఆకలి తరిమేసి ఒంటికి హుషారు తెచ్చే యాంఫెటమిన్ అనే మత్తుమందుల జాతిది. క్రీడాకారులకు నిషేధం. డాక్టర్ చీటీ లేనిదే అమ్మకూడదు. "ఇంకో రెండు సెట్లు ఎక్కువ కొట్టొచ్చు" అని జిమ్‌లో ఒకడు అలవాటు చేశాడట. చీటీ లేకుండా దాన్ని అమ్మినవాళ్లను తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. నన్నడిగితే జిమ్‌లను, మందుల షాపులను గట్టిగా పట్టుకుంటే ఈ రోగం సగం పోతుంది.

మానేసిన మొదటి మూడు రోజులూ నిద్రే. లేపి సంగటి, ఊరిబిండి పెడితే రెండు ముద్దలు ఎక్కువే తిని మళ్లీ పడుకునేవాడు. అమ్మ దిష్టి అనుకుని మిరపకాయలు తీసింది. ఇన్నాళ్లూ ఇంజెక్షన్ తరిమేసిన నిద్ర, ఆకలి ఒక్కసారిగా మీద పడతాయని, పడుకోనివ్వమని డాక్టర్ తర్వాత చెప్పారు.

ఐదో రాత్రి సంగతి చెప్పాలి. ఎండాకాలం, అందరం మిద్దె మీద పడుకున్నాం. రెండింటప్పుడు మెలకువ వస్తే వాడి చాప ఖాళీ. పిట్టగోడ మీద కాళ్లు బయటికి వేసి కూర్చున్నాడు. దగ్గరికి పోతే, "ఏం తిన్నా రుచి లేదక్కా. ఎవురిని చూసినా ఏమీ అనిపించడంల్యా. ఇంక ఎప్పటికీ ఇట్లే ఉంటాదా?" అన్నాడు. వాడి చొక్కా పట్టుకుని లోపలికి లాగాను. తెల్లారేదాకా వదల్లేదు. గుండీ ఒకటి ఊడి నా చేతిలోనే ఉండిపోయింది.

పొద్దున్నే పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీకి తీసుకుపోయాను. ఆయన బీపీ చూసి, ఈసీజీ తీయించి, "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడిగారు. నాకు గుండె జల్లుమంది. వాడు తలూపాడు. ఆ ప్రశ్న ఇంట్లో మేమెవరం అడగలేదు.

తాగుడు మానేవాళ్ల వణుకుకు, బ్రౌన్‌షుగర్ మానేవాళ్ల నొప్పులకు పనిచేసే మందులు ఉన్నాయని, ఈ రకం మత్తుకు మాత్రం అలా ఖాయమైన మందు లేదని డాక్టర్ చెప్పారు. మనసు కుంగడం తగ్గడానికి, నిద్ర కుదురుకోవడానికి రాత్రిపూట ఒక మాత్ర రాశారు. అది వాడికి పనిచేసింది. అదే మాత్ర మీరు అడిగి కొనుక్కోకండి, మనిషిని చూసి రాయాలి.

రాత్రిళ్లు వాడి పక్కన మేలుకుని ఫోన్‌లో చాలా చదివాను. అమెరికాలో మెత్ అనే ఇదే జాతి మత్తుమందు వాడేవాళ్లకు నాల్‌ట్రెక్సోన్ ఇంజెక్షన్, బ్యుప్రోపియాన్ మాత్రలు కలిపి ఇచ్చి చూసిన పరిశోధన 2021లో వచ్చింది. మందు తీసుకున్నవాళ్లలో 13.6 శాతం మందికి, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లలో 2.5 శాతం మందికి గుణం కనిపించింది. అదీ వాడకం తగ్గించడానికే, మానేశాక వచ్చే ఈ కుంగుబాటుకు కాదు. ఈ కుంగుబాటుకు పూర్వం అమినెప్టిన్ అనే మందు ప్రయత్నించారు. జనం దానికే అలవాటుపడుతుంటే ఫ్రాన్స్‌లో 1999లో అమ్మకం ఆపేశారు.

ఇంకో మాట. మా బంధువులు ఒక డీఅడిక్షన్ సెంటర్‌కు పంపమన్నారు. వెళ్లి చూస్తే ముందే మూడు నెలల డబ్బు కట్టమన్నారు, వాడితో ఫోన్‌లో కూడా మాట్లాడనివ్వం అన్నారు. డాక్టర్ ఎప్పుడొస్తారంటే జవాబు లేదు. బిడ్డను అలాంటి చోట తాళం వేసి వదిలి రాలేక వెనక్కి వచ్చేశాను. చేర్చాల్సి వస్తే ముందు డాక్టర్ ఎవరో అడగండి.

రెండో వారం చివర్లో ఉగ్గాని చేశాను. ఒక ముద్ద తిని, "కారం తక్కువైందక్కా" అన్నాడు. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను.

మీ మరిదిని రేపే డాక్టర్‌కు చూపించండి. ఆలోపు ఏమాత్రం భయంగా ఉన్నా టెలీ మానస్ 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. మత్తు మానడం గురించైతే 14446 ఉంది. చావు మాట ఎత్తితే మాత్రం రేపటిదాకా ఆగకండి, రాత్రయినా ఆసుపత్రికి తీసుకుపోండి. ఈ రాత్రి ఎవరో ఒకరు అతని పక్కనే పడుకోండి, మిద్దె మీద మాత్రం వద్దు.