రావులపాలెం నుంచి రోజూ రాజమండ్రి తిరగాలా, హైదరాబాద్ పంపేయాలా?

రావులపాలెం పక్క ఊరి నుంచి ఒక తండ్రి అడిగారు. అరటి గెలల వ్యాపారం ఆయనది, అమ్మాయి బీకాం కంప్యూటర్స్ ఈ ఏడాదే పాసయ్యింది, రెండు చోట్ల సెలెక్ట్ అయ్యింది. ఒకటి రాజమండ్రి దానవాయిపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో బిల్లింగ్ కౌంటర్, నెలకి 13,500. రెండోది హైదరాబాద్‌లో బ్యాక్ ఆఫీసు ఉద్యోగం, ఏడాదికి 2,52,000 ప్యాకేజీ, అంటే నెలకి 21,000. "ఏడున్నర వేలు తేడా ఉందండి, పిల్ల రోజూ బస్సుల్లో పడి తిరగడం ఎందుకు, హైదరాబాద్ పంపేద్దామా, లేకపోతే రెండూ వదిలేసి బ్యాంకు కోచింగ్‌లో వేసేద్దామా" అని అడిగారు.

అన్నయ్యగారూ, ముందు ఆ ఏడున్నర వేల సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే మీరు అడిగినదంతా దాని మీదే ఉంది.

ప్యాకేజీ అంటే చేతికొచ్చే డబ్బు కాదండి. కంపెనీ తన వాటాగా కట్టే పీఎఫ్, ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా) కూడా అందులోనే కలిపేసి చెప్తారు. బేసిక్, అంటే మూల జీతం, 10,500 అనుకుందాం. కంపెనీ పీఎఫ్ 12 శాతం అంటే 1,260, ఈఎస్ఐ 3.25 శాతం అంటే ఇంకో 620, ఇవి పోతే గ్రాస్, అంటే కోతలకి ముందు జీతం, 19,100 చుట్టుపక్కల తేలుతుంది. అందులోంచి మళ్ళీ పాప వాటా పీఎఫ్ 1,260, ఈఎస్ఐ 140, ప్రొఫెషనల్ టాక్స్ 150 కోస్తారు, అకౌంట్లో పడేది పదిహేడున్నర వేలు. పీఎఫ్ పాప పేరు మీదే ఉంటుంది, అది పోయినట్టు కాదు, కానీ నెల గడవడానికి మాత్రం పనికిరాదు కదా. హాస్టల్‌కి ఏడెనిమిది వేలు, ఆఫీసుకి వెళ్ళి రావడానికి పదిహేను వందలు, ఫోను, సాయంత్రం టిఫిన్లు, సబ్బులూ షాంపూలూ అన్నీ కలిపి రెండున్నర వేలు, పండక్కీ పబ్బానికీ ఇంటికి వచ్చే టికెట్లు సగటున వెయ్యి వేసుకోండి. అక్కడ కూడా ఆడవాళ్ళకి బస్సు ఫ్రీయే కదా అంటారేమో, అది తెలంగాణ అడ్రస్ ఉన్నవాళ్ళకి, మన ఆధార్ చూపిస్తే టికెట్ కొట్టేస్తారు. చివరికి మిగిలేది ఐదు వేలు.

ఇప్పుడు రాజమండ్రి లెక్క. 13,500 మొత్తం మీద పీఎఫ్ కోశారనుకున్నా 1,620, ఈఎస్ఐ వంద, జీతం 15,000 దాటలేదు కాబట్టి ప్రొఫెషనల్ టాక్స్ లేదు. చేతికి 11,780. 2025 ఆగస్టు 15 నుంచి మన ఆర్టీసీలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి ఛార్జీ లేదు, ఆధార్ చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ ఇస్తాడు. బస్సు దిగాక ఆసుపత్రి దాకా షేర్ ఆటో రాను పోను నలభై వేసుకున్నా 26 రోజులకి 1,040. క్యారేజీ ఇంట్లోంచే. చిల్లర ఖర్చులు పోను పది వేలు మిగులుతాయండి. అదే మీ అబ్బాయైతే ఈ లెక్క వేరు, బండి మీద రోజుకి 60 కిలోమీటర్లు, లీటరుకి 50 ఇచ్చినా నెలకి 31 లీటర్లు, పెట్రోలుకే మూడు వేల మూడు నాలుగొందలు పోతాయి, సర్వీసింగ్, టైర్లు అది వేరే.

అంటే డబ్బు లెక్కలో రాజమండ్రే మేలు. అలాగని వెంటనే చేర్చేయమని చెప్పను, ఎందుకంటే డబ్బు మిగులుతుంది గానీ ఒంట్లో ఓపిక పోతుంది, ఆ లెక్క ఎవరూ వెయ్యరు. ఇంటి దగ్గర్నుంచి రావులపాలెం రావాలి, బస్సు కోసం నిలబడాలి, జొన్నాడ వంతెన, వేమగిరి, మోరంపూడి దాటి ఊళ్ళోకి రావాలి, మళ్ళీ ఆటో. అటు గంటన్నర ఇటు గంటన్నర తక్కువ కాదు. రోజుకి మూడు గంటలు, 26 రోజులకి 78 గంటలు. ఎనిమిది గంటల డ్యూటీ లెక్కన దాదాపు పది రోజుల పని, జీతం లేని పని.

నేనూ తిరిగానండి. కొవ్వూరు నుంచి రాజమండ్రికి మూడేళ్ళు, పాసింజర్ రైలు, చేతిలో నెల పాసు, ఒళ్ళో క్యారేజీ సంచీ. పొద్దున్న వంతెన మీద గోదారి గాలికి బాగానే ఉండేది, సాయంత్రం మాత్రం సీటు దొరికితే చాలు నిద్ర, పక్కన కూర్చున్న పిన్నిగారు "అమ్మా స్టేషన్ వచ్చింది" అని లేపితే గానీ మెలకువ వచ్చేది కాదు. ఆ మూడేళ్ళలో ఒక్క పరీక్ష కూడా సరిగ్గా చదవలేకపోయాను. పైగా నేను పనిచేసిన చోట నెలనెలా పీఎఫ్ కోసేవాళ్ళు, మానేశాక చూస్తే నా పేరున కట్టిందే లేదు. అప్పట్లో చూసుకునే దారి తెలీదు, ఇప్పుడు ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ కనిపిస్తుంది. పాప చేరిన రెండో నెలలోనే యూఏఎన్ నంబర్ (పీఎఫ్ కోసం ఇచ్చే నంబర్) అడిగి తీసుకోమనండి, డబ్బు పడిందో లేదో చూసుకోమనండి, అడగడానికి మొహమాటం అక్కర్లేదు, అది ఆమె డబ్బు.

అందుకే ఆసుపత్రి వాళ్ళని జీతం కంటే ముందు షిఫ్ట్ గురించి అడగండి. పొద్దున్న 9 నుంచి సాయంత్రం 5 అయితే తిరగొచ్చు. మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 9 అయితే వద్దు, ఆ టైమ్‌కి రావులపాలెంలో దిగి అక్కడ్నుంచి ఊళ్ళోకి రావడం కష్టం, మీరు రోజూ బండేసుకుని సెంటర్లో కాపలా కాయాలి. ఆ షిఫ్టే ఇస్తామంటే రాజమండ్రిలోనే హాస్టల్‌లో పెట్టండి, నాలుగైదు వేలు పోయినా దాదాపు హైదరాబాద్‌లో మిగిలేంత మిగులుతుంది, ఆదివారం ఇంటికొస్తుంది. బొబ్బర్లంక మీంచి బ్యారేజీ దాటి ధవళేశ్వరం వచ్చే దారి దగ్గర కదా అని కొందరు చెప్తారు, రోజువారీ ఉద్యోగానికి ఆ దారి నమ్ముకోవద్దు, వరదల నెలల్లో ఇబ్బంది పడతారు.

రెండో ప్రశ్న, ఇది నాకు చాలా ముఖ్యం, కౌంటర్లో ఏం పని? రసీదులు కొట్టి డబ్బు తీసుకోవడమే అయితే రెండేళ్ళయినా జీతం పదిహేను వేలు దాటదు, ఎందుకంటే ఆ పనికి రేపు ఇంకొకరు దొరుకుతారు. అదే ఇన్సూరెన్స్ డెస్క్ అయితే వేరు. ఎన్టీఆర్ వైద్య సేవ కేసులు, ప్రైవేటు ఇన్సూరెన్స్ కేసులు, ముందస్తు అనుమతి పెట్టడం, కాగితాలు అప్‌లోడ్ చేయడం, క్లెయిమ్ తిరిగొస్తే ఎందుకొచ్చిందో కనిపెట్టడం, ఇది నేర్చుకున్న మనిషి కోసం కాకినాడ ఆసుపత్రులూ అడుగుతాయి, భీమవరం వాళ్ళూ అడుగుతారు, హైదరాబాద్ వెళ్ళినా ఫ్రెషర్‌గా వెళ్ళదు. ఆరు నెలల్లో ఆ డెస్క్‌కి మారుస్తారా అని అడగండి, నోటి మాట కాదు, ఆఫర్ లెటర్లో రాయమనండి.

మనవైపు ఉద్యోగాలు లేవని అనుకోవద్దు, మనకి తెలిసేలా ఉండవంతే. మండపేట రైస్ మిల్లులు, కడియం నర్సరీలు, భీమవరం రొయ్యల ప్లాంట్లు, అన్నిటికీ అకౌంట్లు రాసే మనిషి కావాలి, కానీ పేపర్లో ప్రకటన వెయ్యరు, ఆడిటర్ గారిని అడుగుతారు, ఆయన తన దగ్గర పనిచేసిన పిల్లల్ని చెప్తాడు. బీకాం కంప్యూటర్స్ కాబట్టి పాపకి ట్యాలీ (అకౌంట్లు రాసే సాఫ్ట్‌వేర్) వచ్చే ఉంటుంది, జీఎస్టీ రిటర్నులు వెయ్యడం కూడా నేర్చుకుంటే రావులపాలెంలోనే మీకు తెలిసిన ఆడిటర్ ఆఫీసులో అడిగి చూడండి. జీతం పది వేలే ఇవ్వొచ్చు, కానీ పైన చెప్పిన 78 గంటలు ఇంట్లో ఉంటాయి. నిజం చెప్పాలంటే పాప బ్యాంకు పరీక్షలు రాయాలనే అనుకుంటే నేను దీనికే ఓటేస్తాను.

బ్యాంకు సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. ఐబీపీఎస్ క్లర్క్‌కి (ప్రభుత్వ బ్యాంకుల క్లర్కు పరీక్ష) వయసు 20 నుంచి 28 ఏళ్ళు, బీసీలకి మూడేళ్ళు, ఎస్సీ ఎస్టీలకి ఐదేళ్ళు సడలింపు ఉంది, అంటే ఈ ఏడాదే తేల్చుకోవాలన్న తొందర లేదు. అన్నీ మానేసి ఏడాదంతా కోచింగ్‌లో కూర్చోబెట్టకండి, రాకపోతే చేతిలో అనుభవం ఉండదు, పిల్ల మనసు కూడా కుంగిపోతుంది, చాలా మందిని చూశాను.

ఇంకో మాట అన్నయ్యగారూ, మీరు అన్నీ రాశారు, పాప ఏమంటోందో రాయలేదు. అడగండి. హైదరాబాద్ వెళ్ళాలనే తనకి బలంగా ఉంటే ఐదు వేలే మిగిలినా పంపండి, అప్పుడు ఈ లెక్కలు పక్కన పెట్టేయొచ్చు.

తిరగడానికే ఇష్టపడితే చేరే ముందు మూడు రోజులు ఉత్తినే వెళ్ళి రమ్మనండి, ఆదివారం కాదు, సోమ మంగళ బుధ, డ్యూటీ టైమ్‌కే బయల్దేరి, డ్యూటీ వదిలే టైమ్‌కే కాంప్లెక్స్‌లో బస్సెక్కి. ఛార్జీ లేదు కాబట్టి పోయేదేం లేదు. మొదటి రోజు మీరూ వెళ్ళండి, బస్సు ఎంత కిక్కిరిసి వస్తుందో, ఎంతసేపు నిలబడాలో మీ కళ్ళతో చూసి, ఏ టైమ్‌కి ఇల్లు చేరారో కాగితం మీద రాసుకుని అప్పుడు ఆసుపత్రికి ఫోన్ చెయ్యండి.