డీజిల్‌తో నడిచే ఫ్యూయెల్ సెల్ ఏపీయూ: ముందు రిఫార్మర్ సంగతి తేల్చుకోండి

లారీ ఇంజిన్ ఆపేసి, ట్యాంకులోని డీజిల్‌తోనే రాత్రంతా క్యాబిన్ ఏసీ నడిపే 3 కిలోవాట్ల ఫ్యూయెల్ సెల్ ఏపీయూ (ఇంజిన్ ఆగినా కరెంటిచ్చే చిన్న యూనిట్) చేయాలంటే స్టాక్ (కరెంటు పుట్టించే సెల్‌ల దొంతర) నుంచి మొదలుపెట్టాలా అని అడిగారు. వద్దు. స్టాక్ కొనుక్కోవచ్చు. రిఫార్మర్‌లో, అంటే డీజిల్‌ని హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్ వాయువులుగా మార్చే భాగంలో, డీజిల్, గాలి కలిసి క్యాటలిస్ట్‌ని చేరే ఆ కొద్ది జాగాలోనే ఇలాంటి ప్రాజెక్టులు ఎక్కువగా ఆగిపోతాయి.

2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి కాబట్టి ఇది మనకు అక్కరకొచ్చే పనే. పెద్ద ట్రక్కు ఇంజిన్ ఐడిల్‌లో గంటకు సుమారు 3 లీటర్లు తాగుతుంది. లీటరు డీజిల్‌లో దాదాపు 10 యూనిట్ల శక్తి ఉంది. మీ సిస్టమ్ 30 శాతం రాబట్టినా గంటకు లీటరుతో సరిపోతుంది.

పీఈఎం (తక్కువ వేడిలో, పాలిమర్ పొరతో పనిచేసే ఫ్యూయెల్ సెల్) జోలికి పోవద్దు. దానికి కార్బన్ మోనాక్సైడ్ 10 పీపీఎం లోపు ఉండాలి, అందుకోసం రిఫార్మర్ వెనక ఇంకో మూడు రియాక్టర్లు పెట్టాలి. ఎస్‌ఓఎఫ్‌సీకి (ఎక్కువ వేడిలో, సిరామిక్ పొరతో పనిచేసే ఫ్యూయెల్ సెల్) అదే మోనాక్సైడ్ ఇంధనం. వాహన భాగాల కంపెనీ డెల్ఫీ కూడా ట్రక్కు ఏపీయూకి ఈ దారే పట్టింది.

రిఫార్మింగ్‌లో నీళ్లు వాడితే ఫలితం బాగుంటుంది. కానీ స్టీమ్-కార్బన్ నిష్పత్తి (డీజిల్‌లోని ఒక్కో కార్బన్ పరమాణువుకి ఎన్ని ఆవిరి అణువులు) 2 కావాలంటే కిలో డీజిల్‌కి 2.6 కిలోల నీళ్లు పడతాయి. లారీలో అంత నీళ్ల ట్యాంకు మోయలేం. యానోడ్ (సెల్‌లో ఇంధనం తగిలే వైపు) నుంచి వచ్చే వాయువును మళ్లీ తిప్పి ఆ ఆవిరిని వాడుకోవచ్చు గానీ వేడి బ్లోయర్ దొరకడం కష్టం. మొదటి మోడల్‌కి పొడి సీపాక్స్ (నీళ్లు లేకుండా, కొద్ది గాలితో క్యాటలిస్ట్ మీద డీజిల్‌ని సగమే మండించడం) చాలు: రోడియం పూసిన మోనోలిత్ (తేనెపట్టు లాంటి రంధ్రాల దిమ్మ), ఆక్సిజన్-కార్బన్ నిష్పత్తి పరమాణువుల లెక్కలో 1.1 దగ్గర. గంటకు లీటరు డీజిల్‌కి నిమిషానికి 60 లీటర్ల గాలి లెక్క వేసుకోండి.

డీజిల్ నిమిషానికి 17 మిల్లీలీటర్లే. ఇక్కడే చాలామంది పార్కింగ్ హీటర్లలో వాడే డోసింగ్ పంపు పెట్టేస్తారు. అది టిక్ టిక్‌మంటూ విడతలుగా పోస్తుంది. ప్రతి టిక్‌కీ క్యాటలిస్ట్ ముందు ఇంధనం ఎక్కువై, గాలి తక్కువై, మసి పడుతుంది. సగటు నిష్పత్తి సరిగ్గానే కనిపిస్తుంది, కాబట్టి తప్పు ఎక్కడుందో తెలియదు. గేర్ పంపు వాడండి, లేదా డ్యాంపర్ తగిలించండి. డీజిల్‌ని వేడి గోడ మీద ఆవిరి చేయొద్దు, బరువైన భాగం అక్కడే మాడి అంటుకుంటుంది. గాలితో చిమ్మే నాజిల్ పెట్టి, వేడి గాలిలోనే ఆవిరి కానివ్వండి.

క్యాటలిస్ట్ పొడవునా మూడు నాలుగు థర్మోకపుల్స్ తప్పక ఉండాలి. అత్యధిక వేడి ముందు అంచు దగ్గర ఉండాలి. అది రోజురోజుకీ వెనక్కి జరుగుతోందంటే ముందు భాగం చచ్చిపోతోందని అర్థం. ప్రెషర్ డ్రాప్ పెరిగితే మసి. గ్యాస్ క్రొమటోగ్రాఫ్ (వాయువులో ఏమేం ఉన్నాయో కొలిచే యంత్రం) ఉంటే ఎథిలీన్ మీద కన్నేయండి, మిగతా లక్షణాల కంటే ముందే అది పెరుగుతుంది.

మొదటి పరీక్షలు బంకు డీజిల్‌తో వద్దు. డోడెకేన్‌తో (ఒకే రకం అణువులున్న శుద్ధమైన ఇంధనం) మొదలుపెట్టి, తర్వాత అందులో మిథైల్ నాఫ్తలీన్ (సులువుగా మసి కట్టే రకం) కలిపి చూడండి, ఆ తర్వాతే డీజిల్. ఎక్కడ చెడిందో ఈ వరుసలో అయితేనే దొరుకుతుంది.

గంధకం: బీఎస్-6 డీజిల్‌లో 10 పీపీఎం దాకా ఉండొచ్చు, సీపాక్స్ వాయువులో అది దాదాపు 1 పీపీఎం అవుతుంది. అంత కొంచెమే అయినా నికెల్ యానోడ్ వోల్టేజీ పడిపోతుంది. జింక్ ఆక్సైడ్ బెడ్ దాన్ని పడుతుంది, కానీ అది పనిచేసేది 350-400 డిగ్రీల దగ్గర. పొడి వాయువును అంత చల్లార్చితే దారిలోనే మోనాక్సైడ్ విడిపోయి పైపుల్లో మసి అవుతుంది. అందుకే మొదటి మోడల్‌కి బెడ్ మానేసి, పైపు పొట్టిగా, వేడిగా ఉంచి, స్టాక్‌ని 800 డిగ్రీల దగ్గర నడపడమే నా సలహా. వేడి ఎక్కువుంటే గంధకం దెబ్బ తక్కువ.

ప్లేనార్ స్టాక్‌ని (పలకల్లాంటి సెల్‌లు పేర్చింది) నిమిషానికి 3 డిగ్రీల చొప్పున వేడిచేస్తే నాలుగు గంటలకు పైనే పడుతుంది. బండి ఆగకముందే వేడి మొదలవ్వాలి. ఆపేటప్పుడు ముందు డీజిల్ కట్ చేయండి, నాజిల్‌ని గాలితో ఊదండి, కానీ ఆ గాలి యానోడ్‌లోకి పోకుండా వాల్వ్‌తో బయటికి మళ్లించండి. స్టాక్ 300 డిగ్రీలకు దిగేదాకా యానోడ్‌కి 5 శాతం హైడ్రోజన్ కలిపిన నైట్రోజన్ ఇస్తూ ఉండాలి. గాలి తగిలితే నికెల్ ఆక్సైడై ఉబ్బి ఎలక్ట్రోలైట్‌ని (సెల్ మధ్యలోని సిరామిక్ పొర) పగలగొడుతుంది.

రిఫార్మర్ వాయువులో మోనాక్సైడ్ 20 శాతం పైనే ఉంటుంది, దానికి వాసన ఉండదు. చిన్న లీకు కూడా ప్రాణం తీస్తుంది. మోనాక్సైడ్ అలారం, అది మోగగానే డీజిల్ ఆపేసే రిలే, ఎగ్జాస్ట్ ఫ్యాన్, ఈ మూడూ బిగించాకే మొదటిసారి వెలిగించండి.